ఇన్‌బాక్స్‌కు వచ్చే మెయిళ్లను వాటంతట అవే పనుల జాబితాలో చేర్చడం ఎలా?

ప్రశ్న:
నేను జీమెయిల్, గూగుల్ టాస్క్స్ వాడుతున్నాను. నేను ఏదో ఒక పని చేయవలసిన మెయిల్ వచ్చినప్పుడు దానిని తెరిచి, షిఫ్ట్, టీ కీలను కలిపి నొక్కి టాస్కుగా మార్చుకుంటున్నాను. తెరిచి చూడడమే ఆలస్యమైన రోజున ఈ పద్ధతి అక్కరకు రావడం లేదు. మెయిల్ రాగానే అది జాబితాలో చేరే మార్గం ఏదైనా ఉందా? ఒక సేవలో ఏదైనా జరగగానే మరొక సేవలో దానంతటదే పని చేయించే ఐఎఫ్‌టీటీటీతో చేయవచ్చని పాత వ్యాసాలు చెబుతున్నాయి కానీ, అందులో ఆ సదుపాయం నాకు కనిపించలేదు.

మొదటి సమాధానం:
మీకు కనిపించకపోవడం సహజమే. గూగుల్ తన భద్రతా నియమాలను కఠినం చేయడంతో, జీమెయిల్‌కు వచ్చే మెయిళ్లను గమనించే సదుపాయాన్ని ఐఎఫ్‌టీటీటీ 2019 మార్చిలో తొలగించింది. జాబితాను మార్చుకోవడానికి మీకు అభ్యంతరం లేకపోతే టోడోయిస్ట్ అనే పనుల జాబితా యాప్‌ను పరిశీలించండి. అందులో ప్రతి ప్రాజెక్టుకు ఒక మెయిల్ చిరునామా ఉంటుంది. దానికి పంపిన మెయిల్ విషయపంక్తి టాస్కు పేరు అవుతుంది, మెయిల్‌లోని పాఠం వ్యాఖ్యగా చేరుతుంది. జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టి, ఎంపిక చేసిన మెయిళ్లను ఆ చిరునామాకు ఫార్వర్డ్ చేయిస్తే సరిపోతుంది. చాలామంది ఆగిపోయేది ధ్రువీకరణ దగ్గర. ఫార్వర్డింగ్ చిరునామాను చేర్చగానే గూగుల్ దానికి ఒక కోడ్ పంపుతుంది. అక్కడ ఇన్‌బాక్స్ అంటూ ఏదీ లేదు కనుక ఆ మెయిల్ కూడా టాస్కుగా మారి మీ జాబితాలోనే వచ్చి కూర్చుంటుంది. కోడ్‌ను అక్కడి నుంచే తీసుకోవాలి.

రెండవ సమాధానం:
గూగుల్ టాస్క్స్‌ను విడిచిపెట్టనవసరం లేదు. మీకు కావలసిన మెయిళ్లకు ఫిల్టర్ ద్వారా ‘పని’ అనే లేబుల్ తగిలించండి. ఆ తరువాత గూగుల్ సేవలకు చిన్న ప్రోగ్రాములు రాసుకునే సాధనమైన యాప్స్ స్క్రిప్ట్‌లో టాస్క్స్ సర్వీసును చేర్చి, ఆ లేబుల్ ఉన్న సంభాషణలను వెతికి, ఒక్కొక్కదానికి టాస్కు సృష్టించి, దాని వివరాల గడిలో మెయిల్ లంకెను ఉంచి, చివరగా లేబుల్‌ను తీసివేసే చిన్న ఫంక్షన్ రాసి, 5 నిమిషాలకొకసారి నడిచేలా ట్రిగ్గర్ పెట్టండి. లేబుల్ తీయడం మరచిపోతే మాత్రం 5 నిమిషాలకొక నకలు పుట్టుకొస్తుంది!

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు, ఈ రెండవ పద్ధతి నాకు నచ్చింది. అయితే అదే మెయిల్‌కు కొనసాగింపుగా మరొక జవాబు వస్తే ఏమవుతుంది?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
ఆ జవాబు కూడా మీ ఫిల్టర్‌కు సరిపోతే లేబుల్ మళ్లీ పడుతుంది, రెండవ టాస్కు తయారవుతుంది. యాప్స్ స్క్రిప్ట్ లేబుళ్లను విడి మెయిళ్లకు కాక మొత్తం సంభాషణకు వర్తింపజేస్తుంది కనుక, సంభాషణ ఐడీని టాస్కు ఐడీతో జతచేసి స్క్రిప్ట్ తన సమాచారాన్ని భద్రపరచుకునే స్క్రిప్ట్ ప్రాపర్టీస్‌లో దాచుకోండి. ఆ ఐడీ ముందే ఉంటే కొత్త టాస్కు బదులు పాతదాని వివరాలలో ఒక వరుస చేర్చండి.

మూడవ సమాధానం:
పద్ధతి ఏదైనా, ఫిల్టర్‌ను ఎంత ఇరుకుగా పెడితే అంత మంచిదని నా అభిప్రాయం. బిల్లు గడువు, దరఖాస్తు ఫారం, ఆమోదం కోరే అభ్యర్థన వంటి ఒకే మూసలో వచ్చే మెయిళ్లకు ఆటోమేషన్ చక్కగా పనిచేస్తుంది. మనుషులు రాసే మెయిళ్లలో అసలు పని మూడవ పేరాలో దాగి ఉంటుంది, విషయపంక్తిలో ‘రీ: రీ: నిన్నటి సంగతి’ అని మాత్రమే ఉంటుంది. అటువంటి టాస్కును వారం తరువాత చూస్తే ఏం చేయాలో మనకే అర్థం కాదు. వాటికి మీరు ఇప్పుడు చేస్తున్నట్లు చేతితో మార్చుకోవడమే మేలు, పేరును కూడా ‘కొటేషన్ పంపాలి’ అన్నట్లు తిరగరాయండి.

టోడోయిస్ట్ వైపు వెళ్లేవారు ఆ ప్రాజెక్టు చిరునామాను పాస్‌వర్డ్ లాగే గోప్యంగా ఉంచుకోవాలి. స్క్రిప్ట్ రాసేవారికి మరొక సూచన: స్క్రిప్ట్ టాస్కులను చేర్చడానికి వాడే గూగుల్ టాస్క్స్ ఏపీఐ గడువులో తేదీని మాత్రమే ఉంచుకొని సమయాన్ని వదిలేస్తుంది. సాయంత్రం 4 గంటలలోపు అన్న షరతు ఉంటే దానిని టాస్కు పేరులోనే రాయించండి.