ట్యాంకర్ నీళ్లతో చీనీ తోట బతుకుతుందా? మిట్టమధ్యాహ్నం మా నాయన తోటకి పోకుండా ఆపేదెట్ల?

నార్పల_చీనీ

అందరికీ నమస్తే. మాది అనంతపురం జిల్లా నార్పల సైడు. నేను బెంగళూర్లో పని చేస్తా, నెలకొకసారి ఊరికొస్తా. రెండెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, 220 చెట్లు, ఏడేండ్లవి, ఇప్పుడిప్పుడే నాలుగు రూకలు చూసే వయసు. బోరు శివరాత్రి దాకా రెండించులు పోసింది, ఉగాది దాటినాక గాలి కక్కడం మొదలుపెట్టింది, ఇప్పుడు గంట ఆడిస్తే పది నిమిషాలు సన్నగా వస్తాయి మళ్ల నిలిచిపోతాయి. అందుకని నాయన వారానికి మూడు ట్యాంకర్లు తోలిస్తాండాడు, 5000 లీటర్లది ఒకటి 800.

ఆ ట్యాంకర్ వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటకి. పొద్దున సాయంత్రం వాళ్లకి ఊర్లల్లో బేరాలుంటాయి కదా, మనకి మిగిలేది ఆ టైమే. ఈయన 64 ఏండ్ల మనిషి, బీపీ మాత్రలు మింగుతాడు, నెత్తికి టవలు చుట్టుకొని పైపు పట్టుకొని ఒక్కో చెట్టుకీ పోసుకుంటా రెండు గంటలు నిలబడతాడు. మొన్న బుధవారం కండ్లు తిరిగి గట్టు మీద కూలబడినాడంట. అమ్మ నాకు చెప్పలేదు, పక్క తోటాయన ఫోన్ చేస్తే తెలిసింది. అడిగితే ఏం లేదురా పైత్యం అంటాడు.

ఇంటికొస్తే అదో బాధ. పాత మట్టి మిద్దె పడగొట్టి స్లాబు వేసుకున్నాం, రాత్రి పదకొండైనా పైన పెనం కింద మనం. నిద్ర లేక మళ్ల పొద్దున్నే తోటకి.

ఇంత తక్కువ నీళ్లతో చెట్లని జూన్ దాకా నిలబెట్టుకోవచ్చా? కొత్త బోరు వేయమంటారా? అన్నిటికన్నా ముందు ఈ మనిషిని మధ్యాహ్నం ఇంట్లో కూర్చోబెట్టేదెట్ల?

బురుజుకాడి_అక్క

తమ్ముడూ, చెట్ల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను మీ నాయన గురించి చెప్తా. కర్నూల్లో స్టాఫ్ నర్సుని, ఏటా ఏప్రిల్ మే మా క్యాజువాల్టీలో ఇదే పని. ఎండలో నిలబడి కండ్లు తిరిగితే దాన్ని పైత్యం అనుకోవద్దు, ఒంట్లో నీళ్లు ఉప్పు అయిపోయినాయని అర్థం. పెద్దవాళ్లకి దప్పిక సరిగ్గా తెలియదు, అదే చిక్కు. దప్పికైతే తాగుతాలే అంటారు, అది అయ్యేసరికే ఒళ్లు ఎండిపోయి ఉంటుంది. అందుకని గంట చూసి తాగాలి, దప్పిక చూసి కాదు. ఒంటేలు ముదురు పసుపుగా వస్తాందా అని అమ్మని అడగమను, సిగ్గుపడొద్దు. బీపీ మాత్రల్లో నీళ్ల మాత్ర (ఒంటేలు ఎక్కువ పోయించేది) కలిసుంటే ఎండాకాలం డోసు మార్చాలేమో డాక్టర్ని అడుగు, మీ అంతట మీరే ఆపేయొద్దు.

ఓఆర్ఎస్ ప్యాకెట్టు లేకుంటే లీటరు నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, తలగొట్టి కొలవాలి. మజ్జిగ, రాగి అంబలి కూడా మంచివే, మనోళ్లకి అలవాటు కూడా. నన్నారి సోడా తాగినా అనేవాళ్లని రోజూ చూస్తా, అది నోటికి చల్లగా ఉంటుంది అంతే, దాంట్లో ఉప్పేది?

ఇంకోటి గుర్తు పెట్టుకో. మాట తడబడినా, అడిగినదానికి సంబంధం లేకుండా బదులిచ్చినా, ఒళ్లు కాలిపోతాన్నా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా కాదులే అనుకోవద్దు, ఎండలో పని చేసేవాళ్లకి చెమట పడుతూనే తగులుతుంది. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు నీడకి లాగి చొక్కా విప్పి ఒంటి మీద నీళ్లు గుమ్మరించి టవలుతో విసరాలి, మెడ చంకలు గజ్జల్లో తడిగుడ్డలు పెట్టాలి. పక్కన ట్యాంకరే ఉంటుంది కదా మీకు. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ దీనికి పని చేయదు. 2015 మే గుర్తుందా, మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా పోయినారు, ఎక్కువగా కూలికి పోయేవాళ్లు, ముసలోళ్లే.

వెయ్యడుగులు

బ్రో ట్యాంకర్లకి తగలేసే డబ్బుతో బోరు వేయి. 600 అడుగుల్లో నీళ్లు అయిపోయినాయి అంతే, 1000 దింపితే పడతాయి. మా చిన్నాయనకి 950లో మూడించులు పడినాయి. టెంకాయ పట్టుకొని పాయింట్ చూసే మనిషి ఉన్నాడు మా ఊర్లో, ఆయన చెప్పినాడంటే పడాల్సిందే.

పులివెందుల_సైడు

వెయ్యడుగులు గారూ, మీ చిన్నాయన అదృష్టవంతుడు. నేనూ అట్లే మూడేసినా, ఒకటి 720, ఒకటి 880, మూడోది 1050, మూడిట్లోనూ దుమ్మే. మూడో పాయింటుకి టెంకాయ నిలబడింది, జియాలజిస్టు మిషను కూడా అక్కడే చూపించింది, నీళ్లు మాత్రం రాలేదు. ఆ అప్పు ఇంకా ఉంది. మనకి కింద గట్టి రాయి, దాని సందుల్లో ఉంటేనే నీళ్లు, ఆ సందులు నిండాలంటే పైన వాన పడాల. మనదేమో వానచాటు, నైరుతిని పడమటి కనుమలే తాగేస్తాయి, ఈశాన్యం కోస్తా దాటి ఇక్కడికొచ్చేసరికి సన్నగిల్లిపోతుంది. అనంతపురానికి ఏడాదంతా పడేదే 500 మిల్లీమీటర్ల చిల్లర. ఇంకా లోతుకి పోతే పోతాంది డబ్బే.

నార్పల తమ్ముడూ, ఒక లెక్క చెప్తా. వారానికి 15000 లీటర్లు, 220 చెట్లు, చెట్టుకి 68 లీటర్లు, అంటే రోజుకి పది లీటర్లు కూడా పడదు. ఆ పది కూడా మిట్టమధ్యాహ్నం కాలిన మట్టి మీద పైపుతో పోస్తే చెట్టుకి అందేదెంత? మొదట్లో పోస్తాంటే ఇంకా వృథా, నీళ్లు తాగే సన్న వేర్లు కొమ్మల నీడ అంచుకాడ ఉంటాయి.

నేను చేసింది చెప్తా. ట్యాంకర్ ఎప్పుడన్నా రానీ, దాన్ని తోటలో ఎత్తు మీద తొట్లోకి దింపించుకో. సిమెంటు రింగుల తొట్టి గానీ, గుంత తవ్వి టార్పాలిన్ పరిచి పైన గ్రీన్ నెట్ కప్పింది గానీ ఏదో ఒకటి. తోటలో డ్రిప్పు ఉంటే, రాత్రి ఎనిమిది తర్వాత వాల్వు తిప్పి రెండేసి వరసలు వదులు. ప్రెషర్ తక్కువుంటుంది, సన్నగా కారతాయి, మనకి కావాల్సింది అదే. అప్పుడు మధ్యాహ్నం డ్రైవరుకి తొట్టి చూపిస్తే చాలు, మీ నాయనకి అక్కడ పనే ఉండదు. పోవద్దు అంటే వినడు నాయనా, ఏ రైతూ వినడు. పని లేకుండా చేయాల.

పాదుల్లో శెనక్కాయ పొట్టు జానెడు మందం పరువు, మొదలుకి తగలకుండా ఒక అడుగు వదిలి, లేకుంటే చెదలు. మొదళ్లకి సున్నం పూయి, ఎండకి బెరడు పగలదు. కాయ ఉంటే దులిపేయి. బాధే, కానీ కాయని సాకితే చెట్టు పోతుంది. నేను ఒక ఏడు కాయకి ఆశపడి 60 చెట్లు పొయ్యిలోకి కొట్టినా.

మిద్దెమీద_మంచం

స్లాబు మాటకి నా అనుభవం. రాయి సున్నం రాత్రి నానబెట్టి పొద్దున వడగట్టి ఫెవికాల్ కలిపి సాయంత్రం పూట రెండు కోట్లు కొట్టినా, ఖర్చు వెయ్యి లోపే. అంతకుముందు రాత్రి తొమ్మిదికి కూడా మిద్దె మీద కాలు పెట్టలేకపోయేవాళ్లం, ఇప్పుడు ఏడున్నరకే మంచం వేస్తాన్నాం. వానకి కొట్టుకుపోతుంది, ఏటా కొట్టాల్సిందే. కూలర్ కొనేట్టయితే మన పొడి ఎండకి బాగా పని చేస్తుంది, కోస్తావాళ్లకి అంత పని చేయదు. కానీ ఎదుటి కిటికీ తెరిచి పెట్టండి, మా బావమరిది తలుపులన్నీ మూసి కూలర్ బాగలేదని షాపుతో కొట్లాడినాడు. రాత్రికి 30, 40 లీటర్లు తాగుతుంది మరి, నీళ్లు లేకుంటే కిటికీకి తడిపిన గోనెపట్ట కట్టుకోవడమే. పాత మట్టి మిద్దె పడగొట్టకుండా ఉండాల్సింది లే, ఇప్పుడు అనుకొని ఏం లాభం.

నార్పల_చీనీ

పన్నెండు రోజులైంది, ఏం జరిగిందో చెప్దామని వచ్చినా. నాలుగు రోజులు లీవు పెట్టి రింగుల తొట్టి దించినా. నేను చెప్తే నాయన వినలేదు, పులివెందుల అన్న రాసింది చదివి వినిపిస్తే, 60 చెట్లు అన్నకాడ మళ్లొకసారి చదువు అన్నాడు. అంతే, మరుసటి రోజు ఆయనే గుంత కొలతేసినాడు. ఇప్పుడు ట్యాంకర్ వచ్చే టైముకి ఇంట్లో మజ్జిగ తాగి పడుకుంటాడు, రాత్రి టార్చి పట్టుకొని పోయి వాల్వు తిప్పి వస్తాడు, నాకు పాముల భయం పట్టుకుంది, బూట్లు కొనిచ్చినా. నర్సక్క చెప్పినట్టు డాక్టర్ని అడిగితే నీళ్ల మాత్ర ఉందంట, డోసు మార్చినారు.

కాయ మాత్రం 40 చెట్లకే దులిపినాడు, మిగతా వాటికి చేయి రాలేదంటాడు. ఈసారి వచ్చినప్పుడు చూడాల.

అన్నా ఇంకో డౌటు. ముంగారు వానలకి ముందే పాత బోరు చుట్టూ గుంత తీసి కంకర, ఇసుక నింపితే మళ్ల ఊరుతుందంటున్నారు, ఎవరన్నా చేయించినారా? బోరులో దించిన కేసింగు పైపుకి చిల్లులు ఏ లోతులో కొట్టాల, బురద లోపలికి పోకుండా ఏం చుట్టినారు?