ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3: తెల్లారేసరికి ముందువైపు ఎడమ మూల కుంగిపోతోంది

ప్రశ్న: 2009 మోడల్, స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలిచే ఎయిర్ సస్పెన్షన్ బండి. బెంగళూరు, మారతహళ్లి. రాత్రి నిలిపితే పొద్దున్నకి ముందువైపు ఎడమ మూల టైరు మీదికి దిగిపోతోంది. స్టార్ట్ చేస్తే లేస్తుంది గానీ గాలి నింపే కంప్రెసర్ చాలాసేపు మోగుతోంది. గాలి ఒత్తిడి మరీ నెమ్మదిగా పెరుగుతోందని చెప్పే సి1ఏ20 కోడ్ వచ్చింది. కంప్రెసర్ మార్చాలా, మామూలు స్ప్రింగులు వేయించాలా?

జవాబు 1: కంప్రెసర్ జోలికి ఇప్పుడే పోకండి. ఒక్క మూలే దిగుతోందంటే గాలి పోయేది అక్కడే. ఆ లోటు పూడ్చడానికే కంప్రెసర్ అంతసేపు తిరిగి అరుగుతోంది. లీకు ఉండగా కొత్తది వేసినా అదే గతి.

బండిని ఆఫ్‌రోడ్ ఎత్తుకి లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే చెయ్యి లోపల పెట్టండి. సస్పెన్షన్ ఎయిర్ బ్యాగ్ (రబ్బరు గాలి సంచి) మడతల్లో, అది ఉండే స్ట్రట్ పైన పైపు ఫిట్టింగ్ చుట్టూ సబ్బు నీళ్లు కొట్టండి. ఫిట్టింగ్ దగ్గర బుడగలొస్తే గాలి తీసేసి, పైపు కొసని పదునైన బ్లేడుతో వంకర లేకుండా అడ్డంగా కోసి, కొత్త ఫిట్టింగ్‌తో బిగిస్తే సరి. మడతలో అయితే రబ్బరు పగిలినట్టే; ముందువి రెండూ మార్చడం మేలు. ఎక్కడా బుడగలు లేకపోతే ముందు చక్రాలకి గాలి వదిలే వాల్వ్ బ్లాక్‌ని అనుమానించండి.

జవాబు 2: లీకు ఆపాక కూడా ఆ కోడ్ వస్తే అప్పుడు కంప్రెసర్ చూడండి. గాలిలో తేమ పీల్చే డ్రయర్‌లోని గుళికలు పొడైతే ఆ తెల్ల పొడి వాల్వుల్లో ఇరుక్కుంటుంది. హిటాచీ కంపెనీ కంప్రెసర్ తీసి ఏఎంకే కంపెనీది వేస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కావాలి. కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చే రిలే మాత్రం తప్పకుండా కొత్తది వేయించండి, పాతది అతుక్కుంటే మోటారు ఆగకుండా తిరిగి కాలిపోతుంది.

జవాబు 3: స్ప్రింగులు వేస్తే ఎత్తు మార్చుకునే వీలు శాశ్వతంగా పోతుంది. ఘాట్లలో, రాళ్లలో తిప్పేవాళ్లకి అది పెద్ద నష్టం.