లైబ్రరీలో సొంత లాగ్ లెవెల్ పెట్టొచ్చా?

నోటీస్25:
పైథాన్‌లో పేమెంట్ లైబ్రరీ రాస్తున్నాను. లాగింగ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడుస్తూ మెసేజ్‌లు రాసే ఏర్పాటులో, మెసేజ్ తీవ్రతను బట్టి డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50 ఉన్నాయి. రీఫండ్ వెళ్లినప్పుడల్లా ఒక మెసేజ్ పడాలి. అది వార్నింగ్ కాదు, ఇన్ఫోలో వేస్తే మిగతావాటిలో కలిసిపోతుంది. యాడ్‌లెవెల్‌నేమ్‌తో (లెవెల్ నంబరుకు పేరు పెట్టే ఫంక్షన్) 25 దగ్గర ‘నోటీస్’ పెడదామనుకుంటున్నా. ఏమంటారు?

సర్వర్‌డ్యూటీ:
వద్దండీ. ఆ పేర్ల పట్టిక మీ ఒక్కరిదే కాదు, ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) మొత్తానికీ ఒకటే. ఇంకో లైబ్రరీ అదే 25కి ‘సక్సెస్’ అని పేరు పెట్టిందనుకోండి. ఎవరిది తర్వాత లోడైతే వాళ్ల పేరే నిలుస్తుంది. అప్పుడు మీ ‘రీఫండ్ పెండింగ్‌లో ఉంది’ అన్న మెసేజ్ ముందు ‘సక్సెస్’ అని పడుతుంది. అది చూసిన మనిషి ఏమనుకోవాలి? లైబ్రరీలు రాసేవాళ్లు ఈ పని చేయొద్దని పైథాన్ డాక్యుమెంటేషన్ కూడా గట్టిగానే చెబుతుంది.

పాతకోడ్:
మరీ అంత భయం అక్కర్లేదు. సిస్‌లాగ్‌లో (యునిక్స్ సిస్టమ్‌ల లాగింగ్ పద్ధతి) 0 నుంచి 7 దాకా 8 లెవెల్స్ ఉన్నాయి, అందులో 5 నోటీసే. గో భాషలో లాగింగ్‌కు ఉన్న స్లాగ్ ప్యాకేజీ చూడండి: డీబగ్ -4, ఇన్ఫో 0, వార్న్ 4, ఎర్రర్ 8. మధ్యలో ఖాళీ వదిలింది వాడుకోవడానికే కదా?

సర్వర్‌డ్యూటీ:
వాడుకోవచ్చు, కానీ అప్లికేషన్ రాసేవాళ్లు. అక్కడ ఏ నంబరుకు ఏ అర్థమో నిర్ణయించే టీమ్ ఒకటే ఉంటుంది. లైబ్రరీ పదిమంది కోడ్‌లోకి వెళ్తుంది, వాళ్ల లెక్కలు మనకు తెలియవు.

పైగా నోటీస్25 గారూ, పైథాన్‌లో మెసేజ్‌లు రాసే లాగర్లన్నిటికీ పైనుండే రూట్ లాగర్ ఎవరూ ముట్టుకోకపోతే వార్నింగ్ దగ్గరే ఉంటుంది, అంటే 30 కంటే తక్కువవి ఆగిపోతాయి. మీ 25 అక్కడా కనబడదు! ఇంత చేసీ ఫలితం లేదు.

అసలు రీఫండ్ అనేది తీవ్రత కాదు, మెసేజ్ రకం. రకానికి లాగర్ పేరు ఉంది. ‘పేమెంట్.రీఫండ్’ అని విడిగా లాగర్ తీసుకుని ఇన్ఫోలోనే రాయండి. కావాలనుకున్నవాళ్లు ఆ ఒక్క లాగర్‌నే ఇన్ఫోకు దించుకుంటారు. మిగతా లైబ్రరీ అంతా వార్నింగ్‌లో ఉన్నా ఇవి వస్తాయి. హ్యాండ్లర్‌కు (మెసేజ్‌ను ఫైల్‌కో స్క్రీన్‌కో పంపే భాగం) ఇన్ఫో కంటే పై లెవెల్ పెట్టి ఉంటే మాత్రం అక్కడ ఆగిపోతాయి, ఆ సంగతి రీడ్‌మీలో తప్పకుండా రాయండి.

పాతకోడ్:
లాగర్ పేరు మాట బాగుంది, ఒప్పుకుంటా. అప్లికేషన్‌లో సొంత లెవెల్ తప్పని మాత్రం అనను.

నోటీస్25:
మరి రీఫండ్ ఫెయిలైతే?

సర్వర్‌డ్యూటీ:
అదే లాగర్‌లో ఎర్రర్. మళ్లీ ప్రయత్నించే అవకాశం ఇంకా ఉంటే వార్నింగ్ చాలు.