వ్యభిచారం, పడుపువృత్తి, లైంగిక కార్మికురాలు: చట్టం గురించి రాసేటప్పుడు ఏ మాట వాడాలి?

‘వ్యభిచార నిరోధక చట్టం’ అన్న పేరు సరైనదేనా అని ఇక్కడ ఒక సభ్యులు అడిగారు. కాదనే నా అభిప్రాయం. 1956లో వచ్చి, 1986 సవరణతో పేరు మార్చుకుని, పోలీసుల నోట ‘పీటా’గా స్థిరపడిన ఆ కేంద్ర చట్టం (ఇమ్మోరల్ ట్రాఫిక్ ప్రివెన్షన్ యాక్ట్, అంటే అనైతిక వ్యాపార నిరోధక చట్టం), డబ్బు తీసుకుని శరీర సంబంధం పెట్టుకోవడాన్ని దానంతట అదిగా నేరమనలేదు. ఆ పనికి గృహం (బ్రోతల్) నడపడం, తెలిసి తెలిసి అందుకు ఇల్లు అద్దెకివ్వడం, మరొకరి ఆ సంపాదన మీద బతకడం, మనుషులను అందులోకి దింపడం, బహిరంగంగా విటులను పిలవడం, గుడికో బడికో ఆసుపత్రికో 200 మీటర్ల లోపు ఆ పని చేయడం వంటివే దాని దృష్టిలో నేరాలు. మరొకరి లాభం కోసమో, ఇద్దరు ముగ్గురు కలిసి పరస్పర లాభానికో వాడే చోటునే అది ‘గృహం’ అంటుంది కనుక, ఒక స్త్రీ ఒంటరిగా తన ఇంట్లో తన కోసమే చేసుకుంటే ఆ ఇల్లు ఈ నిర్వచనంలోకి రాదు.

ఇక మాట సంగతి. సంస్కృతంలో ‘వ్యభిచారం’ అంటే నియమం తప్పి పోవడం. తర్కంలో సాధ్యం (రుజువు చేయదలచినది) లేని చోట కూడా కనిపించే హేతువును, అంటే గురి తప్పిన కారణాన్ని, సవ్యభిచారం అంటారు. అలంకారశాస్త్రంలో వచ్చిపోయే ముప్పైమూడు భావాలు వ్యభిచారి భావాలు. ఈ రెండు చోట్లా ఆ మాటకు మచ్చ లేదు. తెలుగు బైబిలులోని ‘వ్యభిచరింపకూడదు’ అన్న ఆజ్ఞ వివాహ ధర్మం తప్పడం గురించినది. పరాయివాడి భార్యతో సంబంధాన్ని నేరమన్న భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షనుకూ మనం ఈ మాటే వాడాము. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ను కొట్టివేసినప్పుడు, ‘వ్యభిచారం నేరం కాదు’ అన్న వాక్యం చదివిన తెలుగు పాఠకుడు దేని గురించి అనుకోవాలి? పరాయివారితో సంబంధం, పొట్టకూటి కోసం చేసే పని, రెండూ ఒకే మాటలో పడ్డాయి. అందువల్ల చట్టం మీద చర్చ మొదలయ్యేలోపే నీతి మీద తీర్పు వచ్చేస్తోంది. ‘గుట్టు రట్టు’, ‘రొంపిలోకి దింపి’ వంటి వార్తాభాష ఆ తీర్పును రోజూ గట్టిపరుస్తూనే ఉంది. (సంస్కృత నాటకాల్లో నాయకుడి పక్కన చతురోక్తులు చెప్పే విటుడు ఈ వార్తల్లో కేవలం కొనుగోలుదారు అయిపోవడం మరొక విచిత్రం.)

అలాగని ‘లైంగిక కార్మికురాలు’ అనేస్తే తగువు తీరుతుందనుకోను. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన లింగ వివక్ష పదాల కరదీపిక మొదట ‘సెక్స్ వర్కర్’ అనమంది. బలవంతంగా అమ్ముడుపోయినవారిని కూడా ఆ మాట ఇష్టపడి పనిచేసేవారిగా చూపుతుందని మనుషుల అక్రమ రవాణాపై పనిచేసే సంస్థలు అభ్యంతరం చెప్పాక, అదే ఏడాది అక్రమ రవాణా బాధితురాలు, వాణిజ్య లైంగిక దోపిడీకి గురైన స్త్రీ వంటి అర్థాలిచ్చే పదాలను చేర్చారు. నిజానికి ఇక్కడ ప్రతి మాట వెనకా ఒక చట్టం నిలబడి ఉంది. 1999 నుంచి కొనేవాడినే శిక్షిస్తున్న స్వీడన్ చూపుకు ‘బాధితురాలు’ సరిపోతుంది. 2003లో వయోజనుల సమ్మతితో జరిగే దాన్ని నేరాల జాబితాలోంచి తీసేసి, పని భద్రత నియమాల కిందికి తెచ్చిన న్యూజిలాండ్‌కు ‘కార్మికురాలు’ సరిపోతుంది. ఏదో ఒకదాన్ని ముందే ఎంచుకుని రాస్తే, వాదించకుండానే ఒక పక్షం గెలుస్తుంది.

నా సూచన ఇది. సాధారణ చర్చలో, సొంతంగా ఆ పని చేస్తున్నామని చెప్పుకునేవారిని వారు కోరుకున్నట్టే సెక్స్ వర్కర్లని అనాలి. బలవంతం రుజువైన చోట ‘బాధితురాలు’ అనాలి. ఏదీ తెలియని పోలీసు దాడి వార్తలో స్త్రీకి ఏ విశేషణమూ తగిలించకుండా, ‘గృహం నడుపుతున్న వ్యక్తి అరెస్టు’ అని ఆరోపించిన నేరాన్నే చెప్పాలి. ఆమె పేరు, ఫొటో వేయకపోవడం మర్యాద మాత్రమే కాదు. సెక్స్ వర్కర్ల గురించి 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల సారం కూడా అదే, ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించినది మన చీరాలవారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు. చట్టం పేరు మాత్రం ‘అనైతిక వ్యాపార నిరోధక చట్టం’ అనే రాయండి. ‘అనైతిక’ నాకూ నచ్చదు కానీ, అది మూలంలోనే ఉంది. దాన్ని తీసేయవలసింది పార్లమెంటు, అనువాదకులు కాదు.