ఈజీఆర్ వాల్వ్‌లా నటించే బోర్డు: లోపల ఏం జరుగుతోంది?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
షెడ్డుకు వచ్చిన ఒక డీజిల్ పికప్‌లో వింత చూశాను. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే కవాటం) కనెక్టర్ ఊడదీసి, ఆ ఐదు వైర్లకు చిన్న బోర్డు తగిలించారు. దాని మీద ఒక ఎల్ఎం358 (సిగ్నల్‌ను పెంచి పంపే ఆప్-ఆంప్ ఐసీ), నాలుగు చిన్న రెసిస్టర్లు, ఒక కెపాసిటర్, ఒక తెల్ల సిమెంటు రెసిస్టర్ ఉన్నాయి. అయినా ఇంజన్ లైటు వెలుగుతూనే ఉంది. స్కానర్‌లో పీ0401 (ఈజీఆర్ పొగ చాలడం లేదనే లోపం కోడ్) వస్తోంది. బొమ్మ గీసుకున్నాను గానీ తర్కం అందలేదు. తెలిసినవారు చెప్పండి.

టంకం పొగ (బొబ్బిలి)
ఐదు వైర్లలో రెండు మోటారువి. మిగిలిన మూడు వాల్వ్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సార్‌వి: 5 వోల్టులు, గ్రౌండ్, సిగ్నల్. ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) మోటారుకు కరెంటును ముక్కలు ముక్కలుగా, అంటే పీడబ్ల్యూఎం రూపంలో పంపుతుంది. ఎక్కువ తెరవాలంటే ఎక్కువసేపు ఆన్‌లో ఉంచుతుంది; ఈ ఆన్ వాటానే డ్యూటీ అంటారు. మీ బోర్డులో సిమెంటు రెసిస్టర్ మోటారు స్థానంలో కూర్చుంది. అది లేకపోతే వైరు తెగిందని ఈసీయూ పీ0403 చూపించవచ్చు. చిన్న రెసిస్టర్లు, కెపాసిటర్ కలిసి ఆ ముక్కల కరెంటును సగటు వోల్టేజీగా మారుస్తాయి. ఎల్ఎం358 దాన్ని సెన్సార్ సిగ్నల్‌గా వెనక్కి పంపుతుంది. "తెరువు" అనగానే "తెరిచాను" అనే జవాబు వస్తుంది, అంతే.

ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. డ్యూటీకి, వోల్టేజీకి లెక్క కచ్చితంగా కుదరనక్కర్లేదు. తాను అడిగిన స్థానం కనిపించేదాకా ఈసీయూయే డ్యూటీని పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. దిశ సరిగ్గా ఉండాలి, ఆలస్యం తక్కువగా ఉండాలి. 10 కిలో ఓంలు, 10 మైక్రోఫారాడ్లు పెడితే 0.1 సెకను ఆలస్యం. ఇంకా పెద్ద కెపాసిటర్ పెడితే ఈసీయూ ఊగిసలాడుతుంది. మరీ చిన్నది పెడితే సిగ్నల్ వణుకుతుంది.

నాగావళి ఒడ్డు
ధన్యవాదాలు అన్నా. సిగ్నల్ 3.5 వోల్టులు దాటడం లేదు. ఐసీ పోయిందా?

టంకం పొగ
లేదు తమ్ముడూ, ఎల్ఎం358 స్వభావమే అది. సరఫరా కంటే సుమారు ఒకటిన్నర వోల్టు తక్కువలోనే ఆగిపోతుంది. 5 వోల్టుల మీద నడిపితే 3.5 దగ్గర ఆగడం సహజం. ఎంసీపీ6002 లాంటి ఐసీ అయితే సరఫరా అంచుల దాకా వెళ్తుంది. కింది అంచు కూడా చూడండి: వాల్వ్ మూసి ఉన్నప్పుడు సిగ్నల్ సున్నా కాకూడదు. సున్నా అయితే ఈసీయూ వైరు తెగిందనుకుని పీ0405 ఇస్తుంది. సిమెంటు రెసిస్టర్‌ను చేత్తో ముట్టుకోకండి. పది ఓంలకు పూర్తి 12 వోల్టులు తగిలితే 14 వాట్లు దాటుతుంది.

పాత డీజిల్ (విజయనగరం)
సర్క్యూట్ పాఠం బాగుంది. పీ0401 ఎందుకు వస్తోందో ఎవరూ చెప్పలేదు. వాల్వ్ తెరిస్తే పొగ ఇంటేక్‌లోకి, అంటే ఇంజన్ గాలి పీల్చే దారిలోకి వస్తుంది, ఆ మేరకు తాజా గాలి తగ్గాలి. చాలా డీజిల్ బండ్లలో ఆ గాలిని ఎయిర్ ఫ్లో సెన్సార్ కొలుస్తూ ఉంటుంది. మీ బోర్డు వోల్టేజీని మార్చగలదు గానీ గాలిని మార్చలేదు. "తెరిచానన్నావు, గాలి తగ్గలేదేమి?" అని ఈసీయూ అడుగుతోంది. పెళ్లికి రానివాడు హాజరు పట్టీలో సంతకం పెట్టినట్టే, విస్తరి మాత్రం ఖాళీగానే ఉంటుంది.

జీడి తోట (పలాస)
నాకూ అలాంటి బోర్డు ఒకటి కావాలి. ఈజీఆర్ మసి పట్టి ప్రతిసారీ ఖర్చు. మూసేస్తే ఇంజన్‌కు హాయి కదా?

పాత డీజిల్
మసి పట్టే మాట నిజమే. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి లాంటి చోట ఆగుతూ సాగే బండికి మరీ త్వరగా పడుతుంది. జాతీయ రహదారి 16 మీద నిలకడగా పరుగెత్తే బండికి అంతగా పట్టదు. కానీ ఆ పొగ తిరిగి వెళ్లడానికి కారణం ఉంది. దహనంలో గరిష్ఠ వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 (భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణం) బండ్లకు ఆ పరిమితి ఇంకా బిగిసింది. కాలుష్య నియంత్రణ పరికరాన్ని తప్పించి రోడ్డెక్కడం చట్టరీత్యా తప్పు కూడా. నా సలహా: వాల్వ్ విప్పి శుభ్రం చేయించండి. ఆ ఖర్చు బోర్డు తెచ్చే తలనొప్పి కంటే తక్కువ.

వర్క్‌షాప్ పాఠం (రాజాం)
ఈ బోర్డును మరీ తిట్టకండి. బల్ల మీద దీని విలువ వేరు. నేను విద్యార్థులకు ఇంకా సులువైనది చూపిస్తాను: సెన్సార్ మూడు వైర్ల మధ్య 10 కిలో ఓంల పొటెన్షియోమీటర్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టి తిప్పుతూ స్కానర్ తెరను చూడమంటాను. వాల్వ్ స్థానం నున్నగా మారితే సెన్సార్ వైర్లు, దాన్ని చదివే ఈసీయూ బాగున్నాయి, దోషం వాల్వ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. మారకపోతే వాల్వ్ కొనకముందే వైరింగ్ వెతకాలి. ఒక జాగ్రత్త: మోటారు రెండు వైర్లలో ఏదీ శాశ్వతంగా గ్రౌండ్ కాదు. ఈసీయూ దిశ మారుస్తుంది కాబట్టి మీటరును ఆ రెంటి మధ్యనే పెట్టండి, బాడీకి కాదు.

నాగావళి ఒడ్డు
పొటెన్షియోమీటర్ పెట్టి చూశాను సార్. స్కానర్‌లో అంకెలు నున్నగా కదిలాయి. వాల్వ్ విప్పితే లోపలి పలక మసితో అంటుకుపోయి ఉంది. బోర్డు తీసేశాను. ఇక యజమానికి నచ్చజెప్పాలి, ఆయన మాత్రం బోర్డే కావాలంటున్నారు.