పాత వాల్‌పేపర్: పై పొర ఊడింది, కింది కాగితం రావట్లేదు

గోడలరాణి:
పడకగదిలో పాత వాల్‌పేపర్ తీస్తున్నాను. పైన మెరిసే వినైల్ పొర మూల పట్టి లాగితే చక్కగా వచ్చేసింది. కింద పల్చటి కాగితం మాత్రం గోడనే పట్టుకుని ఉంది. గీకితే పుట్టీ కూడా లేస్తోంది. నీళ్ళా, వెనిగరా, స్టీమరా? స్విచ్‌బోర్డుల దగ్గర ఎలా? లేక ఆ కాగితం మీదే పెయింట్ వేసేయొచ్చా?

తడిగుడ్డ:
వేయకండి! మాకు ఇల్లు అమ్మినవాళ్ళు అదే చేసి ఇచ్చారు. రోలర్ తడికి కాగితం ఉబ్బి హాలు నిండా బుడగలు. ఇప్పుడు పెయింట్ అడ్డం పడి నీళ్ళు లోపలికి పోవట్లేదు. ముందు పెయింట్ గీకాలి, తర్వాత కాగితం. ఒళ్ళు మండిపోతోంది.

నిదానం:
వేడినీళ్ళలో కాస్త గిన్నెల సబ్బు కలిపి స్పాంజితో తడపండి. పావుగంట ఆగి, ఆరకముందే మళ్ళీ తడపండి. కాగితం రంగు ముదిరి, వేలితో తోస్తే జారాలి. అప్పుడే బ్లేడు పెట్టండి. గోడంతా ఒకేసారి కాదు, చేతికి అందినంత మేరే. బాగా నానితే గీకే పనే ఉండదు.

మేస్త్రీకొడుకు:
అంత ఓపిక ఎవరికుంది? ఊహ తెలిసినప్పటినుంచీ నాన్నతో ఈ పనిలోనే ఉన్నాను. ముందు గాట్లు పెట్టే చక్రం తిప్పండి, తర్వాత స్టీమర్ ఆనించండి. నేను చూసినన్ని గోడలు ఇక్కడ ఎవరూ చూసుండరు.

జిప్సంబాధితుడు:
ఏ గోడో అడక్కుండా స్టీమర్ ఎలా చెప్తారండీ? మాది జిప్సం బోర్డు. పనికి వచ్చినతను స్టీమర్ పట్టాడు, బోర్డు మీదుండే కాగితమే పొరలుగా లేచిపోయింది.

మేస్త్రీకొడుకు:
అది అతని చేతకానితనం. ఒకేచోట పట్టుకుని నిలబడితే ఏ బోర్డయినా మెత్తబడుతుంది. స్టీమర్‌ని తిట్టకండి.

నిదానం:
గాట్లు మాత్రం ఎందుకు? పై వినైల్ ఆవిడ తీసేశానని ముందే రాశారు. నీళ్ళను ఆపే పొరే లేనప్పుడు చక్రం తిప్పితే పుట్టీకి చిల్లులు పడటం తప్ప లాభం లేదు. అడిగింది చదివి చెప్పండి.

మేస్త్రీకొడుకు:
చదివాను బాబూ. మీరు సలహా ఇస్తారు, రేపు గోడ పాడైతే పిలిచేది నాలాంటివాళ్ళనే.

జిప్సంబాధితుడు:
నేనూ పిలిచాను, అందుకే గోడ పోయింది! సరే, బోర్డు చిరిగినవాళ్ళకి పనికొచ్చే మాట: పూర్తిగా ఆరనివ్వండి, లేచిన అంచులు బ్లేడుతో కోసేయండి, ఆయిల్ ప్రైమర్ పట్టించాకే పుట్టీ. నేరుగా పుట్టీ పెడితే ఆ తడికి చిరిగిన కాగితం మళ్ళీ ఉబ్బుతుంది.

ఉత్తరంగది:
మాకు వాల్‌పేపర్ వెనక గోడంతా నల్లటి బూజు. వినైల్ తేమను బయటికి పోనివ్వదు కదా. బ్లీచ్ కొట్టొచ్చా?

తడిగుడ్డ:
వెనిగర్ రాసిన గోడమీద బ్లీచ్ వద్దండీ, క్లోరిన్ వాయువు వస్తుంది. అసలు తేమ ఎక్కడినుంచి వస్తోందో చూడండి. పైపు లీకవుతుంటే ఎంత తుడిచినా బూజు మళ్ళీ వస్తుంది.

అమ్మమ్మగారిల్లు:
బాగా పాత ఇళ్ళవాళ్ళకి ఒక మాట. కాగితం కింద పాత పెయింట్ ఉంటే అందులో సీసం ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా పొడి సాండ్‌పేపర్ పట్టకండి. ఇంట్లో పిల్లలుంటే ఆ దుమ్ము చాలా ప్రమాదం.

గోడలరాణి:
నిదానం గారూ, సబ్బునీళ్ళకి వస్తోంది! స్విచ్‌బోర్డుల సంగతి ఎవరూ చెప్పలేదు.

నిదానం:
అయ్యో, అదే ముందు చెప్పాల్సింది. మెయిన్ ఆపేయండి. బోర్డుల చుట్టూ కారేంత నీళ్ళు వద్దు, పిండిన గుడ్డ అద్దితే చాలు. పూర్తిగా ఆరాకే కరెంటు. కాగితం పోయాక జిగురు కడగడం మర్చిపోకండి. అది మిగిలితే పెయింట్ పగుళ్ళిస్తుంది.

ఉత్తరంగది:
జిగురు పోయిందో లేదో అయోడిన్ చుక్కతో తెలుస్తుందట కదా? నీలమైతే ఉన్నట్టు.

మేస్త్రీకొడుకు:
పిండి జిగురైతేనే నీలం. సెల్యులోజ్ జిగురుకి రంగు మారదు, పోయిందనుకుని మోసపోతారు. గోడ తడిపి వేళ్ళతో రుద్దండి. జారుడుగా ఉంటే ఇంకోసారి కడగాల్సిందే.

నిదానం:
ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.