నలభై అయిదు దాటితే అందరికీ కొలనోస్కోపీ: వైద్యమా, వ్యాపారమా?

హనుమకొండ_సారు:
హంటర్ రోడ్డులో ఒక ఫ్లెక్సీ కట్టారు. "45 దాటారా? పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పసిగట్టండి, ఈ నెల కొలనోస్కోపీ మీద తగ్గింపు" అని. చీరలకు ఆషాఢం సేల్ పెట్టినట్టు పేగులకూ పెట్టారన్నమాట. సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి అడుగుతున్నా. ఏ బాధా లేని మనిషికి వెనక నుంచి గొట్టం వేసి చూడడం ఏం వైద్యం? 45 అనేది అమెరికా లెక్క. 2021లో అక్కడి నిపుణుల బృందం 50 నుంచి 45కు దించింది. మన దేశంలో ఈ జబ్బు వాళ్లకంటే చాలా తక్కువ. మన ప్రభుత్వం 30 దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు పెట్టింది గానీ పెద్దపేగును అందులో చేర్చలేదు. తెలియకనా?

మట్టెవాడ_మెడికల్:
నమస్తే సారూ. మీకు ఫ్లెక్సీ కనపడింది, నాకు కౌంటర్ అవతల నిలబడే మనుషులు కనపడతారు. "మొలలకు ట్యూబు ఇవ్వు" అని గొంతు తగ్గించి అడుగుతారు. పక్కన ఆడవాళ్లుంటే అటూ ఇటూ తిరిగి మళ్లీ వస్తారు. ఎన్నాళ్ల నుంచి అంటే "బతుకమ్మ అప్పటి నుంచి" అంటారు. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. రక్తం ఎర్రగా పడితే మొలలే, నల్లగా పడితేనే భయం అని ఎవరో చెప్పి ఉంటారు. అది తప్పు. రెక్టమ్‌లో, అంటే పెద్దపేగు చివరి భాగంలో, గడ్డ ఉన్నా ఎర్రగానే పడుతుంది. మొలలూ గడ్డా రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. కుడివైపు పేగులో అయితే రక్తం కంటికి కూడా ఆనదు, మనిషి పాలిపోయి ఆయాసపడతాడు, అంతే. మీలాంటి పెద్దలు కొలనోస్కోపీ దండగ అని రాస్తే అది చదివి ఎంతమంది ఆగిపోతారో ఆలోచించండి.

హనుమకొండ_సారు:
రక్తం పడేవాళ్ల గురించి నేను ఒక్క ముక్క అనలేదు. "ఏ బాధా లేని మనిషికి" అని రాశాను. మళ్లీ చదువు తమ్మీ.

పరకాల_పిల్లగాడు:
అదంతా సరే గానీ కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రం కావడానికి ఆ పౌడర్ నీళ్లు తాగడం ఉంది చూడండి, నరకం. మా నాయన లీటర్ల కొద్దీ తాగి రాత్రంతా బాత్రూమ్‌లోనే. ఇసబ్గోల్ తాగినా కడుపు సాఫ్ అవుతుంది కదా?

జిగురు_కెమిస్ట్రీ:
ఇది నా సబ్జెక్టు, చెప్పనివ్వండి. రెండూ పాలిమర్లే, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు, గుణం మాత్రం వేరు. ఆ పౌడర్‌లో ఉండేది పాలీఇథిలీన్ గ్లైకాల్. దాని గొలుసులు నీటిని పట్టుకుంటాయి గానీ ఒకదానికొకటి ముడిపడవు. అందుకే ద్రవంగానే ఉండి, పేగు పీల్చుకోలేక, ఆ నీటితోపాటే అన్నింటినీ కడుక్కుంటూ పోతుంది. ఒంట్లో ఉప్పు తగ్గకుండా అందులో లవణాలు కూడా కలుపుతారు. ఇసబ్గోల్ పొట్టులో ఉండేవి కొమ్మలున్న చక్కెర గొలుసులు. నీళ్లు తగిలితే ఉబ్బి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని వలలా అవుతాయి. ఆ వలలో నీరు బందీ. అదే జెల్. చెంచా పొట్టు సగం గ్లాసు నీళ్లలో వేసి కాసేపు వదిలెయ్, గ్లాసు వంచితే ముద్దగా జారుతుంది తప్ప పారదు. అది పేగు గోడకు అంటుకుంటే కెమెరాకు ఏం కనపడుతుంది? అందుకే పరీక్షకు కొన్ని రోజుల ముందే పొట్టు మానేయమంటారు.

ఇంకొకటి. గడ్డ వల్ల పేగు ఇరుకైన మనిషికి ఇసబ్గోల్ ఇస్తే ఉబ్బిన ముద్ద అక్కడే అడ్డం పడొచ్చు. పేగు మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే వాడకూడదు.

మట్టెవాడ_మెడికల్:
చివరి నాలుగు ముక్కలు మా పెద్దన్న కథ. ఊళ్లో ఆర్‌ఎంపీ మొలలని తేల్చాడు. బట్ట విప్పి చూసింది లేదు. బస్టాండు గోడల మీద "మొలలు, లూటీ (ఫిస్టులా), ఆపరేషన్ లేకుండా" అని ఉంటుందే, అలాంటి చోటికి ఒకసారి పంపాడు, అక్కడ ఏదో దారం కట్టారు. మిగతా కాలమంతా ఇసబ్గోలే. దొడ్డికి పోయొచ్చినా ఇంకా వచ్చేట్టే ఉందని అన్న చెబుతూనే ఉన్నాడు. ఒకరోజు కడుపు కుండలా ఉబ్బింది, గ్యాస్ కూడా పోలేదు. రాత్రికి రాత్రి కోసి, మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టారు. క్యాన్సర్ అప్పటికే లివర్‌కు పాకింది. కీమో ఎక్కించుకుని వస్తే ఫ్రిజ్ తలుపు ముట్టుకోలేకపోయేవాడు, వేళ్లు కరెంటు కొట్టినట్టు జిల్లుమనేవి. చన్నీళ్లు గొంతు దిగేవి కావు. పోయాడు. ఈ ఆర్‌ఎంపీలను కట్టడి చేయకుండా ఫ్లెక్సీల గురించి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

హనుమకొండ_సారు:
మీ అన్నగారికి అలా జరగడం బాధాకరం. కానీ ప్రతిదానికీ ఆర్‌ఎంపీయేనా దొరికేది? ములుగు అవతల తండాలో అర్ధరాత్రి జ్వరమొస్తే నీ షాపు షట్టర్ లేస్తుందా? మా తమ్ముడు ఆర్‌ఎంపీనే. డబ్బుల్లేవంటే "తర్వాత చూద్దాంలే" అని సూది వేసి వచ్చేవాడు. పెద్ద డిగ్రీలవాళ్ల సంగతీ చూశాను. మా ఇంటావిడకు కడుపునొప్పి అంటే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నొప్పి ఎక్కడని చెయ్యి కూడా వేయకుండా పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం, స్కాన్. ఆఖరికి గ్యాస్ అన్నారు. బిల్లు కట్టాక నాకూ ఒళ్లు మండింది.

మట్టెవాడ_మెడికల్:
ఇప్పుడు అర్థమైంది. ఇంతసేపూ అమెరికా లెక్కలు చెప్పింది తమ్ముడిని కాపాడుకోవడానికా?

హనుమకొండ_సారు:
నోరు అదుపులో పెట్టుకో. లెక్కలు లెక్కలే.

సర్జరీ_వార్డు:
ఇద్దరూ ఆగండి. సారు అడిగింది బాధ లేనివాళ్ల గురించి. వాళ్లకు కొలనోస్కోపీ ఒక్కటే దారి కాదు, మలంలో కంటికి కనపడని రక్తం కోసం ఫిట్ అనే పరీక్ష ఉంది. అందులో తేడా వస్తే అప్పుడు గొట్టం. మట్టెవాడ అన్న అడుగుతున్నది రక్తం పడేవాళ్ల గురించి. వాళ్లకు ముందు కావలసింది గ్లవ్, జెల్లీ, ఒక నిమిషం. రెక్టమ్ కింది భాగంలో గడ్డలు చాలావరకు వేలికే తగులుతాయి. తగిలితే ముక్క తీసి బయాప్సీ, ఎంత పాకిందో చూడటానికి సీటీ, రెక్టమ్ అయితే ఎంఆర్‌ఐ కూడా. రెక్టమ్‌కు పైన పెద్దపేగులో ఉంటే మామూలుగా ముందు ఆపరేషన్. రెక్టమ్‌లో ముదిరితే ముందు రేడియేషన్, కీమో, తర్వాత కోత. తొందరగా వస్తే సంచి తప్పించగలిగే అవకాశం ఎక్కువ.

పరకాల_పిల్లగాడు:
ఏదో ఇంజెక్షన్‌తోనే గడ్డ మాయమైందని వాట్సాప్‌లో తిరిగింది?

సర్జరీ_వార్డు:
2022లో న్యూయార్క్‌లో డోస్టార్లిమాబ్ తీసుకున్న మొదటి 12 మందికీ గడ్డ కనపడకుండా పోయింది, నిజమే. కానీ డీఎన్‌ఏ తప్పులు సరిదిద్దే వ్యవస్థ చెడిపోయిన రకం గడ్డలకే అది. రెక్టమ్ క్యాన్సర్లలో అవి కొద్ది శాతమే.

హనుమకొండ_సారు:
వేలి పరీక్ష అంటున్నారు కదా డాక్టర్ గారూ. మా తమ్ముడు ఆ పని చేస్తే ఊరు ఊరుకుంటుందా? వాడు డాక్టరే కాదని మీరే అంటారు, చూడలేదని తిట్టేదీ మీరే.

మట్టెవాడ_మెడికల్:
చూడమనడం లేదు సారూ, పంపమంటున్నా. రెండు వారాల్లో తగ్గకపోతే ట్యూబు మార్చకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి సర్జరీ ఓపీకి పొమ్మనాలి. క్యాన్సరే అని తేలితే ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు.

హనుమకొండ_సారు:
పొమ్మంటే వాళ్లు మళ్లీ వాడి గడప తొక్కరు. కూలి పోగొట్టుకుని బస్సెక్కి వెళ్లి, అక్కడ మొలలే అన్నారనుకో, "వీడికేం తెలీదు" అంటారు. వాడి బతుకుదెరువు అది. నువ్వు మాత్రం ట్యూబు అడిగినవాణ్ణి ఉత్త చేతుల్తో పంపుతావా?

మట్టెవాడ_మెడికల్:
ట్యూబు ఇస్తా. ఇచ్చి చెబుతా. వినేవాళ్లు తక్కువ.

నర్సంపేట_సుమ:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా అమ్మకు 58. నెలసరి ఆగి చాలా ఏళ్లయింది. హిమోగ్లోబిన్ 7. ఐరన్ ఎక్కిస్తే పెరిగి మళ్లీ పడిపోతోంది. మోషన్ మామూలే, రక్తం ఎప్పుడూ పడలేదు. ఆమెకు కూడా ఇదంతా అవసరమా?

సర్జరీ_వార్డు:
అవసరం. నెలసరి ఆగాక ఐరన్ తగ్గుతుంటే పైన, కింద రెండువైపులా గొట్టంతో చూడటం మామూలు పద్ధతే. వాయిదా వేయకండి.

హనుమకొండ_సారు:
అమ్మా, ముందు హిమోగ్లోబిన్ ఎందుకు పడిపోతోందో రాసిమ్మని అడుగు. తర్వాత గొట్టం సంగతి.

మట్టెవాడ_మెడికల్:
అది తెలియడానికే కదా సారూ గొట్టం!